చేతి మీద రేడియోయాక్టివ్ చుక్క పడితే: మొదటి పావుగంటలో ఏం చేయాలి, ఏం చేయకూడదు

నెలకు ఒక్కసారైనా ఈ ప్రశ్న వస్తుంది నాకు. "అన్నా, పీ-32 చుక్క మణికట్టు మీద పడింది, కడిగేశాను, ఏమన్నా అవుతుందా?" అని ఒకరు. (పీ-32 అంటే రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్.) "బెంచి దగ్గర మీటర్ ఆగకుండా అరుస్తోంది, సార్‌కి చెబితే తిడతారేమో" అని ఇంకొకరు. తిరుపతిలో లైఫ్ సైన్సెస్ రీసెర్చ్ చేసే పిల్లలు, ఆస్పత్రిలో రేడియోయాక్టివ్ మందులు కలిపే హాట్ ల్యాబ్‌లో పనిచేసే టెక్నీషియన్లు, ఐ-125 (రేడియోయాక్టివ్ అయొడిన్) కిట్లతో హార్మోన్ పరీక్షలు చేసేవాళ్లు, అందరిదీ ఇదే గొడవ. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను పెద్ద సైంటిస్టును కాదు. పన్నెండేళ్లు ఇలాంటి ల్యాబ్‌లలో టెక్నీషియన్‌గా చేశాను. నా మొదటి చుక్క ఎడమ చెప్పు మీద పడింది. అవును, చెప్పే, బూటు కాదు. మే నెల ఎండకి ఎవరు బూట్లేసుకుంటారని చెప్పులతో వెళ్లాను. ఎవరికీ చెప్పకుండా ఆ చెప్పులతోనే రూముకి వెళ్లాను, రెండు రోజుల తర్వాత మీటర్ పట్టుకుని చూస్తే చెప్పు, బాత్రూమ్ గడప, మంచం కింద పట్టా, అన్నీ అరిచాయి. ఆ చుక్క వల్ల నాకు ఏమీ కాలేదు గానీ, చెప్పకుండా దాచిన రెండు రోజుల వల్ల నాలుగు గదులు కడగాల్సి వచ్చింది.

ఇది ల్యాబ్‌లో వాడే మైక్రోక్యూరీ, మిల్లీక్యూరీ (రేడియోయాక్టివిటీని కొలిచే చిన్న కొలతలు) స్థాయి ద్రవాల గురించి మాత్రమే. మీ ల్యాబ్‌కి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, అంటే ఆర్‌ఎస్‌ఓ, ఉంటారు. ఆయన చెప్పింది నేను రాసిన దానికి వేరుగా ఉంటే ఆయన మాటే వినండి.

ముందు ఒక్క తేడా తెలుసుకోండి

కిరణాలు తగలడం వేరు, పదార్థం అంటుకోవడం వేరు. ఎండలో నిలబడితే ఒళ్లు కాలుతుంది, నీడలోకి వచ్చాక ఎండ మీ వెంట రాదు. పసుపు చేతికి అంటితే అలా కాదు, స్విచ్చికీ, ఫోనుకీ, తలుపు గడియకీ, చంటిబిడ్డ బుగ్గకీ అంటుకుంటూ పోతుంది. మొదటిది ఎక్స్‌పోజర్, రెండోది కంటామినేషన్. సీల్ చేసిన సోర్స్ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారంటే మీ ఒంట్లో రేడియోయాక్టివిటీ ఏమీ చేరదు, ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవచ్చు. ద్రవం చిందిందంటే మాత్రం మీరు పసుపు పూసుకున్న మనిషి. కింద చెప్పేదంతా ఈ రెండో దాని గురించే. థియరీ ఇక్కడితో చాలు.

పని మొదలుపెట్టక ముందే దగ్గర ఉండాల్సినవి

ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి తలుపు పక్కన పెట్టండి, ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగే పెట్టె) కింద కాదు. చిందేది అక్కడే, అప్పుడు డబ్బా అందదు.

- బ్యాటరీ ఉన్న జీఎం (గైగర్-ముల్లర్) సర్వే మీటర్, రేడియోయాక్టివిటీ తగిలితే అరిచేది. "ఉన్న" అన్న మాట గమనించండి.
- డిస్పోజబుల్ గ్లవ్స్ నాలుగైదు జతలు, షూ కవర్లు, మందపాటి ప్లాస్టిక్ కవర్లు, టేపు, మార్కర్.
- టిష్యూ పేపర్ బాగా ఎక్కువగా, బేబీ సోపు లాంటి మెత్తటి సబ్బు, కత్తెర.
- ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. దీని గురించి కింద చెబుతాను.
- మార్చుకునే బట్టలు: ఒక లుంగీ, టీషర్టు, ఒక వదులు చుడీదార్, ఒక పాత దుప్పటి.
- ఐ-125తో పనైతే 5 శాతం సోడియం థయోసల్ఫేట్ ద్రావణం ఒక సీసా.
- గోడ మీద పెద్ద అక్షరాలతో ఆర్‌ఎస్‌ఓ నంబరు. ఫోన్లో సేవ్ చేసుకున్నానంటే కుదరదు, ఆ సమయానికి మీ చేతులు కంటామినేట్ అయి ఉంటాయి.

బట్టలు, దుప్పటి చూసి నవ్వకండి. పైబట్ట మీద చిందితే వెంటనే విప్పాలి, విప్పితే చాలావరకు పోతుంది. కానీ నలుగురు అబ్బాయిల మధ్య ఒక అమ్మాయి కుర్తా ఎలా విప్పుతుంది? సిగ్గుపడి అరగంట అలాగే నిలబడిపోయిన పిల్లని చూశాను నేను. ఒకరు దుప్పటి అడ్డం పట్టుకుంటే నిమిషంలో అయ్యే పని అది.

ఇక నీళ్ల సంగతి. కంటామినేషన్‌ని గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. వేడినీళ్లు పోస్తే చర్మానికి రక్తం ఎక్కువగా వచ్చి లోపలికి పీల్చుకునే అవకాశం పెరుగుతుంది, మంచులాంటి నీళ్లయితే చర్మ రంధ్రాలు మూసుకుని మురికి లోపలే ఉండిపోతుంది. తిరుపతిలో ఏప్రిల్, మే మధ్యాహ్నం రెండు గంటలకి మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లతో టీ పెట్టొచ్చు. అందుకే నీడలో పెట్టిన క్యాను. కుళాయి రాని రోజుకి కూడా అదే దిక్కు.

మీ ఐసోటోప్ (మీరు వాడే రేడియోయాక్టివ్ పదార్థం) ఏదో దాన్ని బట్టి

పీ-32: సగం జీవితకాలం (సగానికి తగ్గడానికి పట్టే టైము) 14.3 రోజులు. గట్టి బీటా కిరణం, గాల్లో ఆరు మీటర్ల దాకా పోతుంది. ఒక సెంటీమీటరు అక్రిలిక్ షీటు చాలు. నేరుగా సీసం అడ్డం పెట్టకండి, బీటా వెళ్లి సీసానికి కొట్టుకుని ఎక్స్‌రేలు పుట్టిస్తుంది. జీఎం మీటర్‌తో సులభంగా దొరుకుతుంది.

సీ-14 (కార్బన్), ఎస్-35 (గంధకం): బలహీన బీటా. మీటర్ని సెంటీమీటరు దూరం దాకా తీసుకెళ్తేనే, అదీ పల్చటి కిటికీ ఉన్న ప్రోబ్ (మీటర్‌కి ఉండే కొలిచే కొస) అయితేనే కనిపిస్తాయి. ప్రోబ్‌కి అంటకూడదని గ్లవ్ తొడిగారంటే ఇవి దాదాపు మాయమైపోతాయి.

ట్రీషియం (రేడియోయాక్టివ్ హైడ్రోజన్): జీఎం మీటర్‌కి అసలు దొరకదు. సున్నా. మీటర్ అరవలేదు కాబట్టి శుభ్రంగా ఉందని ట్రీషియం ల్యాబ్‌లో అనుకున్నారంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటున్నట్టు. వైప్ తీసి, అంటే కాగితం ముక్కతో తుడిచి, దాన్ని లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్ అనే యంత్రంలో పెట్టాల్సిందే.

ఐ-125: సగం జీవితకాలం 59.4 రోజులు. బలహీనమైన ఎక్స్‌రేలు, దీనికి పల్చటి సీసం పనికొస్తుంది, మీటర్‌గా సోడియం అయొడైడ్ క్రిస్టల్ ప్రోబ్ కావాలి. ఫ్రీ అయొడిన్‌గా ఉంటే ఆవిరై ముక్కులోకి, అక్కడి నుంచి థైరాయిడ్‌కి పోతుంది.

టెక్నీషియం-99ఎమ్: ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేది ఇదే, సగం జీవితకాలం 6 గంటలు. దీనితో ఉన్న సుఖం ఏమంటే, పోని మరకని మూసిపెట్టి గదికి తాళం వేస్తే రెండున్నర రోజుల్లో వెయ్యో వంతుకు పడిపోతుంది.

చిందింది. ఇప్పుడు చేయాల్సినవి

1. ఉన్నచోటే ఆగండి, గట్టిగా అరవండి. "చిందింది, ఎవరూ కదలొద్దు" అని. పరుగెత్తొద్దు. సింకు దాకా పరుగెత్తిన మనిషి బూటు అడుగున ఎంత అంటుకుందో ఆ దారంతా అంతా అంటిస్తాడు. ఫ్యాను ఆపమనండి. మన ల్యాబుల్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, పొడి చిందితే అది గదంతా చల్లుతుంది. ఫ్యూమ్ హుడ్ మాత్రం ఆపకండి.

2. గాయం ఉంటే గాయమే ముందు. గాజు గుచ్చుకుని రక్తం ధారగా కారుతుంటే మైక్రోక్యూరీల సంగతి తర్వాత. స్పృహ తప్పినా, యాసిడ్ పడినా, నిప్పంటుకున్నా అంతే. 108కి ఫోన్ చేయించండి, వచ్చినవాళ్లకి ఐసోటోప్ పేరు చెప్పండి, గ్లవ్స్ వేసుకుంటే చాలని చెప్పండి.

3. చుక్క మీద టిష్యూ వేయండి, రెండో మనిషిని పిలవండి. ఈ రెండో మనిషి శుభ్రమైన చేతులతో మీటర్ పట్టుకుంటాడు, మీరు ఏమీ ముట్టుకోరు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దనేది ఇందుకే. రాత్రి పదకొండుకి లేబులింగ్ పెట్టుకుని ఒక్కరే కూర్చునేవాళ్లు చాలామంది, వద్దు నాయనా.

4. పై గ్లవ్స్ విప్పండి. లోపలి పొర బయటికి వచ్చేలా తిప్పి తీయండి. రెండు జతలు వేసుకునేది ఇందుకే, పైది తీసినా కిందిది ఉంటుంది. తర్వాత ల్యాబ్ కోటు, బూట్లు, చిందిన బట్ట. టీషర్టయితే తల మీదుగా లాగొద్దు, మొహానికి రాసుకుంటుంది, కత్తెరతో ముందు నుంచి కత్తిరించండి. అన్నీ కవర్లో వేసి మూతి కట్టి, ఐసోటోప్ పేరు, తేదీ రాయండి.

5. ఒక్క రీడింగ్ తీసుకోండి. కడగక ముందు, ప్రోబ్ ఒక సెంటీమీటరు దూరంలో పెట్టి ఎన్ని కౌంట్లో (మీటర్ చూపించే అంకె), ఎక్కడో, ఎంత మేర ఉందో, టైమెంతో రాయించండి. పది సెకన్ల పని. తర్వాత చర్మానికి ఎంత డోసు తగిలిందో ఆర్‌ఎస్‌ఓ లెక్క కట్టాలంటే ఈ ఒక్క అంకె కావాలి, అందరూ మర్చిపోయేది కూడా ఇదే. కంట్లోనో నోట్లోనో పడితే మాత్రం రీడింగ్ వదిలేసి కడగండి.

6. కడగండి. మెత్తటి సబ్బు, గోరువెచ్చటి నీళ్లు, రెండు మూడు నిమిషాలు, వేళ్ల కొసలతో. మరక అంచు నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి బయటికి రుద్దితే మరక పెద్దదవుతుంది. గోళ్ల సందులు, వేళ్ల మధ్య బాగా చూడండి. ఉంగరాలు తీసేయండి. మణికట్టుకి కట్టుకున్న దారాలు, మన ఊళ్లో సగం మంది చేతులకి ఉంటాయి, వాటిని కత్తిరించి కవర్లో వేయండి. దేవుడి దారమని మొహమాటపడకండి, నూలు దారం పీల్చుకున్నంత గట్టిగా ఇంకేదీ పీల్చుకోదు, అది చర్మానికే ఆనుకుని ఉంటుంది. కొత్తది కట్టుకోవచ్చు.

7. తుడిచి, ఆరబెట్టి, మళ్లీ చూడండి. తడి చర్మం మీద బీటా తక్కువ చూపిస్తుంది, కాబట్టి టిష్యూతో అద్ది ఆరాక చూడండి. మొదట 12,000 ఉన్నది కడిగాక 3,000 అయింది, మళ్లీ కడిగితే 900, మూడోసారి 850. ఇక ఆపేయండి. తగ్గడం ఆగిపోయిందంటే మిగిలింది పైచర్మంలో ఇరుక్కుందన్నమాట. ఇంకా రుద్దితే చర్మం గీరుకుని, బయట ఉన్నది లోపలికి దారి చేసుకుంటుంది. చర్మం ఎర్రబడితే కౌంట్ ఎంతున్నా ఆపాల్సిందే.

మిగిలిపోయినదానికి ఒక పాత చిట్కా ఉంది. ఆ చేతికి గ్లవ్ తొడిగి మణికట్టు దగ్గర టేపు వేసి కొన్ని గంటలు ఉంచితే చెమటతో పాటు కొంత బయటికి వస్తుంది. మన ఎండాకాలంలో చెమట పట్టించడానికి వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఉంటే చర్మం పొర రాలేకొద్దీ పోతుంది. ఆర్‌ఎస్‌ఓకి చెప్పి, ఆయన సరేనంటేనే ఇంటికి వెళ్లండి.

8. బెంచి, నేల. మీ ఒళ్లు శుభ్రమైందని తేలాకే ఇది. మీటర్‌తో అంచు కనిపెట్టి ముగ్గు వేసినట్టు చుట్టూ మార్కర్‌తో గీయండి. టిష్యూలతో బయటి నుంచి లోపలికి, ఒక్కో టిష్యూ ఒక్కసారే. ఎవరి బూట్లు శుభ్రమో, ఎవరివి కాదో తేలేదాకా తలుపు దగ్గర నేల మీద టేపు గీత వేసి, ఆ గీత దాటే ప్రతివాడి అరికాళ్లూ చూడండి.

ఎక్కడ పడిందో దాన్ని బట్టి

కంట్లో: ధారగా నీళ్లు, ముక్కు వైపు నుంచి బయటి వైపుకి, రెండో కంట్లోకి పోకుండా. పదిహేను నిమిషాలు. తర్వాత కంటి డాక్టరు.

నోట్లో: ఉమ్మేయండి, పుక్కిలించండి, మింగకండి. వాంతి చేయించకండి. ఇంకా నోటితో ద్రవాన్ని పీల్చి పిపెట్ చేసేవాళ్లున్నారా అంటే, ఇరవై ఏళ్ల కింద నేర్చుకున్న పెద్దాయన ఒకరు మొన్నటిదాకా చేసేవారు.

సూది గుచ్చుకుంటే: ధార కింద పెట్టి గాయం చుట్టూ మెల్లగా ఒత్తి రక్తం కొంచెం కారనివ్వండి. నోటితో పీల్చకండి, పాము కాటుకి సినిమాల్లో చూపించినట్టు. ఇది కచ్చితంగా డాక్టరు చూడాల్సిన కేసు.

జుట్టు: షాంపూ, తల వెనక్కి వంచి, నీళ్లు మొహం మీదికి రాకుండా. పోకపోతే కత్తెరతో ఆ కుచ్చు కత్తిరించండి. రేజర్ మాత్రం వద్దు, గాటు పడితే లోపలికి దారి. మా దగ్గర ఒక పిల్లాడు "ఎలాగూ మొక్కుంది, కొండకి పోయి గుండు కొట్టించుకుంటా" అని బయల్దేరాడు. అలిపిరి దాకా కూడా పోనివ్వలేదు. బస్సు సీటు, కల్యాణకట్టలో మంగలి చేతులు, అక్కడి జుట్టు, ఎంతమందికి అంటించేవాడో. రెండుసార్లు షాంపూకే పోయింది, గుండు వచ్చే నెల తీరిగ్గా కొట్టించుకున్నాడు.

అయొడిన్ పీల్చాననుకుంటే: గాలి ఆడే చోటికి వెళ్లండి, ఆర్‌ఎస్‌ఓని, డాక్టర్ని అప్పుడే పిలవండి. పొటాషియం అయొడైడ్ మాత్ర పెద్దవాళ్లకి 130 మిల్లీగ్రాములు, మొదటి కొన్ని గంటల్లో వేసుకుంటేనే ఉపయోగం. డాక్టరు చెబితేనే వేసుకోండి, థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లకి అసలే సొంత వైద్యం పనికిరాదు. ఇది రేడియో అయొడిన్‌కి మాత్రమే, పీ-32కి గానీ ట్రీషియంకి గానీ దీంతో లాభం లేదు. ఇంట్లో ఉన్న టించర్ అయొడిన్ తాగుదామని మాత్రం అనుకోకండి. ఒకటి నుంచి మూడు రోజుల్లోపు థైరాయిడ్ కౌంటింగ్ చేయించుకోవాలి.

ట్రీషియం నీళ్ల రూపంలో ఒంట్లోకి పోతే అది మామూలు నీళ్లలాగే ఒళ్లంతా తిరిగి మూత్రంలో పోతుంది, సుమారు పది రోజులకి సగం. నీళ్లు, మజ్జిగ ఎక్కువ తాగితే తొందరగా పోతుంది, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తాగాలి. 2009లో కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో తాగునీటి కూలర్లో ట్రీషియం కలిసిన సంగతి బయటపడింది ఉద్యోగుల మూత్ర పరీక్షల్లోనే. పని చేసేచోట మంచినీళ్ల బాటిల్ పెట్టుకోవద్దని నెత్తి నోరు కొట్టుకునేది ఊరికే కాదు.

శుభ్రమైందని ఎలా తెలుస్తుంది

ముందు మీటర్ బతికుందో లేదో చూడండి. బ్యాటరీ బటన్ నొక్కండి, దానితో వచ్చిన చెక్ సోర్స్ దగ్గర పెట్టి రోజూ వచ్చే కౌంటే వస్తోందా చూడండి. చెక్ సోర్స్ పోయిందా, తిరుణాళ్లలో వాడే పెట్రోమాక్స్ లైటు పాత మాంటిల్ ఒకటి కవర్లో సీల్ చేసి పెట్టుకునేవాళ్లం మేము, అందులో థోరియం ఉంటుంది, మీటర్ బాగా అరుస్తుంది. అది అరిచిందంటే మీటర్ బతికుందని మాత్రమే, సరిగ్గా కొలుస్తోందని కాదు, దానికి క్యాలిబ్రేషన్ ఉండాలి.

తర్వాత బ్యాక్‌గ్రౌండ్. అంటే ఏమీ చిందకపోయినా మీటర్ చూపించే కౌంట్. వేరే ఊరి ల్యాబ్ మాన్యువల్లో ఉన్న అంకె మీకు పనికిరాదు. చిత్తూరు వైపు బెంచి మీద కూడా గ్రానైట్ పలకే వేస్తారు, గ్రానైట్‌లో కొంచెం యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే ఉంటాయి కాబట్టి దాని మీద కౌంట్ కొంచెం ఎక్కువే వస్తుంది. ఒక అమ్మాయి ఇలాగే బ్యాక్‌గ్రౌండ్ వరండాలో తీసి, బెంచిని రెండు రోజులు కడిగింది పాపం. కడిగే బెంచి ఏ రాయిదో అదే రాయి మీద, శుభ్రమైన చోట తీసుకోండి.

ప్రోబ్‌ని నెమ్మదిగా, సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లకి మించకుండా జరపండి, శబ్దం ఆన్‌లో ఉంచండి. ముల్లు కదలకముందే చెవికి తెలుస్తుంది.

ఆఖరుది వైప్ టెస్ట్. ఫిల్టర్ పేపర్ ముక్కతో పది సెంటీమీటర్లు పొడవు, పది వెడల్పు చోటు తుడిచి, వయల్లో వేసి కౌంట్ చేయండి. శుభ్రమైన పేపర్ ఒకటి కూడా పక్కన కౌంట్ చేయాలి. మీటర్ అరుస్తున్నా వైప్‌లో ఏమీ రాకపోతే మరక ఇరుక్కుపోయింది, చేతికి అంటదు, అక్రిలిక్ కప్పి పేరు రాసి వదిలేయొచ్చు. మీటర్ అరవకపోయినా వైప్‌లో వస్తే అది ఊడి వచ్చేది, మళ్లీ తుడవండి. ఎంత కౌంట్ దాకా ఫర్వాలేదన్నది మీ ల్యాబ్ రూల్స్‌లో ఉంటుంది. మా దగ్గర బ్యాక్‌గ్రౌండ్‌కి మూడింతలు దాటితే మళ్లీ కడగాలి, అంతే.

ఎక్కువమంది చేసే తప్పులు

బ్లీచింగ్. ఐ-125 చిందిన చోట బ్లీచ్ గానీ యాసిడ్ గానీ పోస్తే అయొడిన్ ఆవిరై లేస్తుంది, నేల మీద ఉన్నదాన్ని మీరే ముక్కులోకి పంపినట్టు. థయోసల్ఫేట్ పోయండి. ఇదొక్కటైనా గుర్తుంచుకోండి.

గట్టి బ్రష్షు, పీచు, సర్ఫు పొడి. గిన్నెలు తోమినట్టు చెయ్యి తోముకునేవాళ్లున్నారు.

పొద్దున్నే వచ్చే ఆయమ్మకి చెప్పకపోవడం. రాత్రి చిందించి, "రేపు చూద్దాం" అని వెళ్లిపోతారు. ఆమె ఫినాయిల్, మాపు కర్రతో వచ్చి మరకని వరండా చివరి దాకా పట్టుకెళ్తుంది. తప్పు ఆమెది కాదు. తలుపు మీద ఇంగ్లిష్ బోర్డు కాదు, తెలుగులో "లోపలికి రావద్దు, తుడవద్దు" అని రాయండి, మాటగా కూడా చెప్పండి.

టీఎల్‌డీ బ్యాడ్జిని (మీకు తగిలిన డోసు కొలిచేది) కోటుకే వదిలేసి, ఆ కోటుని హాట్ ల్యాబ్‌లో కొక్కేనికి తగిలించడం. మూడు నెలలకి రిపోర్ట్ వచ్చేసరికి మీ పేరు మీద పెద్ద డోసు, అది మీకు తగిలిందా కోటుకి తగిలిందా అని విచారణ, టెన్షన్. ఎండలో బండి ట్యాంక్ కవర్లో పెట్టడం, చాకలికి కోటుతో పాటు వేసేయడం కూడా చూశాను. అసలు ఆ బ్యాడ్జిని చదివేదే వేడి చేసి, దాన్ని మీరు ముందే ఎండలో కాల్చి పంపితే ఎలా. ఇంకొకటి, ట్రీషియం, సీ-14 బీటాలు బ్యాడ్జి దాకా చేరవు. బ్యాడ్జి సున్నా అంటే ఏమీ తగల్లేదని కాదు.

"చుక్కే కదా" అనుకోవడం. హైదరాబాద్‌లో బ్రిట్ (ఐసోటోప్‌లు సరఫరా చేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ల జొనాకి కేంద్రం నుంచి పీ-32 తెప్పించుకునే రోజుల్లో మా స్టాక్ మైక్రోలీటరుకి 10 మైక్రోక్యూరీలు ఉండేది. మైక్రోలీటరు అంటే కంటికి సరిగ్గా ఆనదు. ఒక మైక్రోక్యూరీ పీ-32 చదరపు సెంటీమీటరు చర్మం మీద ఉంటే అక్కడ గంటకి సుమారు 90 మిల్లీసీవర్ట్‌ల డోసు. పదయితే 900. (మిల్లీసీవర్ట్ అంటే ఒంటికి తగిలిన డోసు కొలత.) చర్మానికి ఏడాది పరిమితి 500 మిల్లీసీవర్ట్‌లు, అంటే అరగంట పైచిలుకులో దాటిపోతుంది. భోంచేసి వచ్చి కడుక్కుందామంటే కుదరదు మరి. అలాగని పరిమితి దాటగానే చర్మం ఊడిపోదు, ఎర్రబడటం సుమారు రెండు వేల మిల్లీసీవర్ట్‌లు పైబడితే మొదలవుతుంది. భయపడకండి, కానీ నిమిషాలు లెక్కపెట్టుకోండి.

ఎవరికి, ఏం చెప్పాలి

ఆర్‌ఎస్‌ఓకి వెంటనే. అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీకి తెలియజేయాలా వద్దా అన్నది ఆయన, మీ సంస్థ చూసుకుంటారు. మీరు ఒక కాగితం మీద ఐదే విషయాలు రాయండి: ఐసోటోప్, ఎన్ని మైక్రోక్యూరీలు, ఏ రసాయన రూపం, ఏ టైముకి పడింది ఎప్పుడు కడిగారు, కడగక ముందు కడిగాక కౌంట్లు. ఆస్పత్రికి వెళ్తే ఆ కాగితం మీతో ఉండాలి. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరుకి "రేడియేషన్" అని మాత్రమే చెబితే ఆయన కంగారుపడతాడు, కాగితం చూపిస్తే పని నడుస్తుంది. తిరుపతిలో స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది, ఇలాంటి విభాగం ఉన్నచోట ఈ భాష అర్థమయ్యేవాళ్లు దొరుకుతారు. చిత్తూరులో ఉన్నవాళ్లు బయల్దేరే ముందు ఫోన్ చేసి వెళ్లండి, బట్టలు మార్చుకుని వెళ్లండి.

మన దేశంలో ఈ పని చేసేవాళ్లకి ఒళ్లంతటికీ కలిపి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భం వచ్చిందని తెలిసిన రోజే ఆర్‌ఎస్‌ఓకి చెప్పండి, అప్పటి నుంచి కడుపులో బిడ్డకి పరిమితి 1 మిల్లీసీవర్ట్, పని మార్చి ఇస్తారు. మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదనే ఆనవాయితీ ఇక్కడ మాత్రం పక్కన పెట్టండి, అమ్మా.

పాత బీరువాలో సీసా దొరికితే

ఇది కూడా అడుగుతుంటారు. రిటైరైన ప్రొఫెసర్ గదిలో మూడు రెక్కల గుర్తున్న డబ్బా కనిపించిందంటే తెరవకండి, కడగకండి, పాత సామానువాడికి అసలు వేయకండి. తాళం వేసి ఆర్‌ఎస్‌ఓని పిలవండి. 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది ఇదే. ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న కోబాల్ట్-60 యంత్రాన్ని తుక్కు కింద అమ్మేశారు, తుక్కు దుకాణంలో దాన్ని విప్పారు, ఒక మనిషి చనిపోయాడు. అది చుక్క కాదు, పెద్ద సోర్స్, కానీ డబ్బా బయటి నుంచి చూస్తే మీకు తేడా తెలియదు.

ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడండి

హైలైటర్ పెన్ను ఇంకు నీళ్లలో కలిపి, దాన్నే పీ-32 అనుకుని మామూలుగా మీ పని చేయండి, పిపెట్ చేయండి, ఒక చుక్క కావాలని చిందించండి, శుభ్రం చేయండి. తర్వాత లైట్లు ఆపి, దొంగ నోట్లు చూసే యూవీ టార్చి వేయండి. కిందటిసారి కొత్త బ్యాచ్‌తో చేయిస్తే ఫ్రిజ్ హ్యాండిల్, పెన్ను, ఒకమ్మాయి చున్నీ కొస, ఒకబ్బాయి ముక్కు మెరిశాయి. నా కళ్లజోడు కూడా.